లెక్కలో పడని ఊరు

"చంపినవాడు తనే ఒప్పుకున్నాడు రేణుక గారూ. మీకింకేం కావాలి?"

ఇన్‌స్పెక్టర్ హరిబాబు ఫైలు మూసి బల్ల మీద పక్కకి నెట్టేశాడు. ఒకప్పుడు ఇద్దరూ ఒకే బ్యాచ్‌లో ఎస్సై శిక్షణ తీసుకున్నారు. తర్వాత రేణుక ఉద్యోగం మానేసి గవర్నర్‌పేటలో సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు తెరిచింది. అప్పట్నుంచీ ఆమె కనిపిస్తే చాలు, హరిబాబు మాట కటువుగా వస్తుంది.

"ఒప్పుకోవడం వేరు, చెయ్యడం వేరు," అంది రేణుక. "జరిగింది మొదట్నుంచీ ఓసారి చెప్పండి."

"మీ క్లయింటు చెప్పలేదా?"

"భార్య పోయి ఇంకా వారం కాలేదు. ఆయన ఏ మాటా చివరిదాకా చెప్పలేకపోతున్నారు."

హరిబాబు విసుగ్గానే చెప్పాడు. చనిపోయిన మనిషి పేరు ధనశ్రీ. విజయవాడలో ఒక కాలేజీలో స్టాటిస్టిక్స్ లెక్చరర్. పోయిన ఆదివారం ఉదయం కొండపల్లి అవతల ఉన్న జొన్నలమెట్ట అనే ఊరికి వెళ్ళింది. అక్కడ హైస్కూలు డాబా మీద, గాలిలో దుమ్మూ పొగా ఎంతుందో కొలిచే యంత్రం ఒకటుంది. దాన్ని చూడాలని డాబా ఎక్కింది. ఆమెతో పాటు స్కూలు వాచ్‌మన్ జక్కయ్య ఎక్కాడు. వేసవి సెలవులు కాబట్టి బళ్ళో ఇంకెవరూ లేరు. కాసేపటికి ఆమె రెండంతస్తుల పైనుంచి నేల మీద పడి అక్కడికక్కడే ప్రాణం విడిచింది. కుడి గుప్పిట్లో జక్కయ్య చొక్కా ముక్క ఉంది. జక్కయ్య కనిపించకుండా పోయాడు.

"ఆ యంత్రం చుట్టూ గోనెపట్టాలు కట్టి, రోజూ వాటి మీద నీళ్ళు కొట్టేది వీడే. పొగ యంత్రం దాకా పోకుండా. ఊరి పక్కనే పాత టైర్లు కాల్చి నూనె తీసే ఫ్యాక్టరీ ఉంది. ఎవరి కోసం చేశాడో వేరే చెప్పాలా? ఆవిడ కనిపెట్టి నిలదీసింది. వీడు తోసేశాడు. నిన్న సాయంత్రం పామర్రులో దొరికాడు. అక్కడ భార్య సమాధి దగ్గర కూర్చుని ఉన్నాడు. మేం అడక్కముందే 'నేనే చంపాను' అన్నాడు."

"ఆ చొక్కా ముక్క చూడొచ్చా?"

"చూసి ఏం చేస్తారు?"

రేణుక చెయ్యి చాపింది. హరిబాబు కాసేపు చూసి, బీరువాలోంచి ఒక ప్లాస్టిక్ కవరు తెప్పించి ఆమె ముందు పడేశాడు. లోపల నీలం గళ్ళ బట్ట. సగం కాలరు, దాని కింద జానెడు చిరిగిన బట్ట. రేణుక కవరు అటూ ఇటూ తిప్పింది. బట్ట లోపలివైపు చిన్న తెల్ల లేబుల్ కుట్టి ఉంది. పామర్రు టైలరెవరిదో పేరు.

"చొక్కాకి ఈ లేబుల్ ఎక్కడ కుడతారు హరిబాబు గారూ?"

"వెనకాల. మెడ దగ్గర."

"తోసేవాడు ఎదురుగా ఉంటాడు. ఆవిడ చేతికి గుండీయో, జేబో దొరకాలి. ఇది వీపు వైపు ముక్క. అంటే ఆవిడ జక్కయ్య వెనకాల ఉంది. వెనకాల ఉన్న మనిషిని ఆయన ఎలా తోశాడు?"

"పెనుగులాటలో మనిషి ఎటైనా తిరుగుతాడు."

"సరే. ఆవిడ బట్టల మీద ఇంకేమున్నాయి?"

హరిబాబు ఫైలు మళ్ళీ తెరవాల్సి వచ్చింది. "మోకాళ్ళ దగ్గరా అరచేతులకీ ఆకుపచ్చ మరకలు. పాచి. యంత్రం చుట్టూ పాచి పట్టింది, అక్కడ జారి పడుంటుంది."

"యంత్రం ఎక్కడుంది?"

"డాబా మధ్యలో."

"మధ్యలో మోకాళ్ళ మీద పడింది. తర్వాత లేచి పిట్టగోడ దాకా వచ్చింది. ఆవిడ వచ్చేదాకా జక్కయ్య అక్కడ కాచుకుని ఉన్నాడా?"

హరిబాబు మొహం ఎర్రబడింది. "చూడండి. సాయంత్రం వాణ్ణి కోర్టుకి పంపుతున్నాను. ఈలోగా మీరు ఏం చూసుకుంటారో చూసుకోండి. డాబా తాళం కానిస్టేబుల్ దగ్గరుంది. నా కేసు పాడుచెయ్యాలని మాత్రం చూడకండి."

* * *

ధనశ్రీ భర్త శ్రీచరణ్ స్టేషన్ బయట కారులో ఉన్నాడు. నలభై ఏళ్ళుంటాయి. గాలిని కొలిచే యంత్రాల మరమ్మతులు చూసే ఒక ప్రైవేటు ఏజెన్సీలో ఇంజినీరు. ఫ్యాక్టరీవాళ్ళే తన భార్యని చంపించారని, వాళ్ళని పట్టుకోవాలని రేణుక దగ్గరికి వచ్చింది అతనే.

జొన్నలమెట్ట దారిలో రేణుక అడిగింది. "ఆవిడ పని గురించి నాకు అర్థమయ్యేలా చెప్పండి."

శ్రీచరణ్ రోడ్డు మీంచి చూపు తిప్పకుండా మొదలుపెట్టాడు. "ఒక ఊళ్ళో రోజుకి ఎంతమంది పోతున్నారో, ఆ రోజు గాలి ఎలా ఉందో పక్కపక్కన పెడుతుందండీ. ఎండలకి పోయేవాళ్ళుంటారు, జ్వరాల సీజన్లో పోయేవాళ్ళుంటారు. వాటన్నిటినీ విడదీసి పక్కన పెడుతుంది. అప్పుడు గాలి వల్ల ఎంతమందో మిగులుతుంది. పొగ బాగా పెరిగితే రెండు మూడు రోజుల్లో చావులు పెరుగుతాయి. ప్రతి ఊళ్ళోనూ అంతే. పామర్రులోనూ అంతే, బెజవాడలోనూ అంతే."

"జొన్నలమెట్టలో?"

"అక్కడ మాత్రం కుదర్లేదు. చలికాలంలో చావులు పెరిగాయి. యంత్రం చూస్తే గాలి శుభ్రంగా ఉందంటోంది. అందరూ ఆ ఊరు తీసెయ్యమన్నారు. యంత్రం పాడై ఉంటుంది, ఒక్క ఊరు తీసేస్తే లెక్క సరిపోతుంది అన్నారు." అతను గేరు మార్చాడు. "నేనూ అన్నాను."

"ఆవిడ ఏమన్నారు?"

"'పోయినవాళ్ళు పోయినట్టే ఉన్నారు కదా చరణ్, వాళ్ళని ఎక్కడికి తీసెయ్యను?' అంది."



స్కూలు గేటు దగ్గర కారాపి అతను స్టీరింగ్ మీద రెండు చేతులూ పెట్టుకుని ఉండిపోయాడు. "నేను పైకి రాలేనండీ. మీరు వెళ్ళిరండి."

కానిస్టేబుల్ తాళం తీశాడు. డాబా అంతా నల్లగా ఉంది. కాటుకలాంటి మసి. వేలితో రాస్తే అంటుకుంటోంది. మధ్యలో యంత్రం. పోలీసులు ఆదివారమే గోనెపట్టాలు ఊడదీసి తీసుకెళ్ళారు, అవి కట్టిన ఇనప తీగలు మాత్రం ఇంకా వేలాడుతున్నాయి. చుట్టూ గచ్చు మీద పాచి ఎండి పొలుసుల్లా లేస్తోంది. ఈ ఎండల్లో అంత పాచి పట్టిందంటే నెలల తరబడి నీళ్ళు పోసి ఉండాలి. ఆ పాచిలో ఒకచోట రెండు మోకాళ్ళూ రెండు చేతులూ ఆనిన గుర్తులున్నాయి.

రేణుక అక్కడ వంగి చాలాసేపు చూసింది. జారిపడితే పాచి చారగా చెక్కుకుపోతుంది. ఇక్కడ అలా లేదు. మనిషి నిలబడ్డ చోటే కూలబడినట్టుంది.

"ఆవిడ పడింది ఎటువైపు?"

కానిస్టేబుల్ వెనకవైపు చూపించాడు. అక్కడ పిట్టగోడ నడుమెత్తు ఉంది. మామూలుగా నడుస్తూ తూలిపడే ఎత్తు కాదు. రేణుక గోడ మీద పొట్ట ఆనించి బయటికి వంగి చూసింది. కింద, చెయ్యి చాస్తే అందేంత దూరంలో కిటికీల పైన సిమెంటు సన్‌షేడ్. దాని అంచు ఒకచోట కొత్తగా విరిగి తుప్పు పట్టిన ఊచ బయటపడింది. ఆ ఊచకీ గోడకీ మధ్య ఒక రబ్బరు చెప్పు ఇరుక్కుని ఉంది. మగవాళ్ళ చెప్పు. ఎడమ కాలిది.

"జక్కయ్య చెప్పులు దొరికాయా మీకు?"

"కుడికాలిది డాబా మీద ఉందండి, ఈ గోడ పక్కనే. రెండోది పారిపోయేటప్పుడు ఎక్కడో జారిపోయుంటుందని సారన్నారు."

రేణుక ఫోన్లో ఫొటో తీసి హరిబాబుకి పంపింది. నిమిషంలోపే ఫోను మోగింది.

"విసిరేసి ఉంటాడు," అన్నాడు హరిబాబు.

"విసిరేస్తే పైన పడి ఉంటుంది. ఇది ఊచ కింద ఇరుక్కుంది. కాలుతో పాటు దిగిన చెప్పు హరిబాబు గారూ. మీరు డాబా అంతా చూశారు, గోడ అవతల చూడలేదు. జక్కయ్య గోడ దాటి బయట నిలబడ్డాడు. ఆవిడ లోపల ఉంది, ఆయన వెనకాల."

అవతల ఫైలు కాయితాలు తిరగేస్తున్న చప్పుడు వినపడింది.

"వచ్చి అడగండి వాణ్ణి," అన్నాడు చివరికి. "నా ఎదురుగా అడగాలి."

* * *

జక్కయ్య లాకప్పులో గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. అరవై దాటిన మనిషి. పోలీసులెవరిదో పాత బనియను వేసుకున్నాడు. రేణుక ఎదురుగా నేల మీదే కూర్చుంది. హరిబాబు తలుపు దగ్గర నిలబడ్డాడు.

"మోకాళ్ళు చూపించండి జక్కయ్య గారూ."

అతను లుంగీ కొంచెం పైకి లాగాడు. రెండు మోకాళ్ళ మీదా చెక్కుకుపోయి పక్కులు కట్టి ఉన్నాయి.

"సన్‌షేడ్ మీద పడ్డారు కదూ. గోడ అవతలికి ఎందుకు దిగారు?"

జక్కయ్య తలెత్తాడు. పట్టుబడ్డాక ఆ మాట అడిగింది ఆమె ఒక్కతే కాబోలు, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"చద్దామనండి."

హరిబాబు ఏదో అనబోయాడు. రేణుక చెయ్యెత్తి ఆపింది.

"మా శౌరమ్మ కిస్మస్ ఎల్లిన వారానికి పోయిందండి. నాలుగు రోజులు ఊరి మీంచి పొగ లేవలేదు. రాత్రుళ్ళు మంచం మీద లేచి కూర్చునేది. ఊపిరి అందట్లేదయ్యా, కిటికీ తియ్యి అనేది. తీస్తే ఇంకా పొగొచ్చేది. పుట్టింటోళ్ళు తీసుకెళ్ళి పామర్రులో పూడ్చారు. ఆ నాలుగు రోజులూ నేను పొద్దున్నే డాబా ఎక్కి మిషను చుట్టూ నీళ్ళు కొట్టానండి. మిషను వేడెక్కుద్ది, తడుపుతూ ఉండమంటే తడిపాను. అదేం చేసుద్దో నాకు తెలీదు. మొన్న మేడం గారొచ్చి చెప్పారు. ఆ నీళ్ళ వల్ల మిషను అబద్ధం చెప్తందని. నిజం చెప్పుంటే పొగ సంగతి పైవాళ్ళకి తెలిసి, ఫ్యాక్టరీ ఎప్పుడో ఆగేదని."

అతను చేత్తో నోరు తుడుచుకున్నాడు.

"నేనడిగాను. అయితే మా శౌరమ్మని నేనే చంపుకున్నానా అమ్మా అని."

"ఆవిడేమన్నారు?"

"ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారండి. 'ఈ చలికాలం మీ ఊళ్ళో ఎప్పుడూ పోయేవాళ్ళ కంటే పదకొండు మంది ఎక్కువ పోయారు. ఎంతమందో చెప్పగలను గాని వాళ్ళెవరో నా లెక్కకి తెలీదు. శౌరమ్మ గారు అందులో ఉండొచ్చు, ఉండకపోవచ్చు. మీకు తెలీక చేశారు, మీ తప్పు కాదు' అన్నారు. కాదని ఒక్క ముక్క చెప్పుంటే బాగుండేదండి. అవునన్నా బాగుండేది. తెలీదంటే నేనెట్టా బతికేది?"



"ఆవిడ మిషను వంక తిరిగి ఫొటోలు తీసుకుంటన్నారు. నేను గోడ దాటి సన్‌షేడ్ మీదికి దిగాను. కళ్ళు మూసుకుని ముందుకి వాలాను. ఎప్పుడొచ్చారో తెలీదు, వెనక నుంచి కాలరు పట్టుకున్నారు. 'వద్దు జక్కయ్య గారూ, వద్దు' అంటన్నారు. నేనప్పటికే వాలిపోయాను కదండీ. నా బరువుకి ఆవిడ గోడ మీంచి బయటికొచ్చేశారు. చొక్కా చిరిగింది. ఆవిడ లాగిన ఊపుకి నేను సన్‌షేడ్ మీదే పడ్డాను. ఆవిడ నా పక్క నుంచే కిందికి..." అతను అరచెయ్యి తిరగేసి చూసుకున్నాడు. "చెయ్యి చాపానండి. అందలేదు. పైకెక్కొచ్చి కిందికి పరిగెత్తాను. అప్పటికే అయిపోయింది. నేనే చంపానండి. అందులో అబద్ధం ఏముంది?"

హరిబాబు టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.



"ఇంకొక్కటి చెప్పండి. పాచిలో ఆవిడ మోకాళ్ళ మీద కూలబడిన గుర్తులున్నాయి. అది ఎప్పుడు?"

జక్కయ్య తల దించుకున్నాడు.

"అంతకు ముందేనండి. మొదట్లో. నీళ్ళు కొట్టమని నీకెవరు చెప్పారని అడిగారు. పేరు చెప్పాను. చెప్పగానే అట్టా కూలబడిపోయారు. చాలాసేపు లేవలేదు. నాకు భయమేసి ఏం తప్పు చేశానమ్మా అన్నాను. అప్పుడు లేచి, మొహం తుడుచుకుని, నెమ్మదిగా అన్నీ చెప్పారు."

"ఎవరి పేరు?"

జక్కయ్య లుంగీ అంచు సర్దుకున్నాడు.

హరిబాబు ముందుకొచ్చాడు. "నిన్న రాత్రి అడిగాను కదా నిన్ను! ఫ్యాక్టరీలో ఎవరు చెప్పారని అడిగితే ఎవరూ చెప్పలేదన్నావు!"

"ఫ్యాక్టరీ వాళ్ళు కాదు కదండి మరి."

జక్కయ్య చూపు కిటికీలోంచి వరండా వైపు వెళ్ళింది. అక్కడ శ్రీచరణ్ స్తంభానికి ఆనుకుని నిలబడి ఉన్నాడు.

"మిషను బాగుచెయ్యడానికొచ్చే సారండి. మేడం గారు ఆయన భార్య అని నాకు తెలీదు. నిన్న ఇక్కడికి తెచ్చాకే తెలిసింది. ఆయన పెళ్ళాన్ని నేను పొట్టన పెట్టుకున్నాను. ఇంకా ఆయన పేరు కూడా నా నోటితో చెప్పమంటారా?"

* * *

రేణుక వరండాలోకి వచ్చింది. శ్రీచరణ్ ఆమె మొహం చూడగానే స్తంభం వదిలి నిటారుగా నిలబడ్డాడు.

"చెప్పాడా?"

"చెప్పాడు. అతను తోయలేదు. అతను దూకబోతుంటే ఆవిడ పట్టుకుంది. ఆపబోయి తనే పడిపోయింది."

అతను తల ఊపాడు.

"మీ పేరు కూడా చెప్పాడు," అంది రేణుక. "ఎందుకు చేశారు శ్రీచరణ్ గారూ?"

"మా ఏజెన్సీకి కాంట్రాక్టు ఇప్పించింది ఆ ఫ్యాక్టరీ ఓనరే. రీడింగు తక్కువ కనపడేలా చూడమన్నారు పైవాళ్ళు. కాదంటే ఉద్యోగం ఉండదు. ఒక్క ఊరే కదా అనుకున్నాను. అన్ని ఊళ్ళ లెక్కలో ఒక్క ఊరు తప్పితే ఎవరు చూస్తారు అనుకున్నాను." అతను మళ్ళీ స్తంభం పట్టుకున్నాడు. "చూసేది మా ఇంట్లోనే ఉందని తెలుసు. రోజూ అన్నం దగ్గర అడిగేది, ఈ ఊరు ఎందుకు కుదరట్లేదు చరణ్ అని. నేను తల ఎత్తకుండా తినేవాణ్ణి."

"మరి నా దగ్గరికి ఎందుకొచ్చారు? చివరికి ఇక్కడికే వస్తానని తెలీదా?"

"ఫ్యాక్టరీ వాళ్ళే చంపారనుకున్నాను. వాళ్ళు దొరికితే చాలు, నేనేమైపోయినా పర్లేదనుకున్నాను."

హరిబాబు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. శ్రీచరణ్ అతన్ని చూశాడు గాని, అడగాల్సింది రేణుకనే అడిగాడు.

"తనకి తెలిసిందా? నేనేనని?"

తెలీదని చెప్పొచ్చు. జక్కయ్య కాదనడు. హరిబాబు కూడా నోరెత్తడు. రేణుకకి ఒక్క క్షణం ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"తెలిసింది," అంది.

"ముందా? జక్కయ్య గోడ దిగకముందే?"

"ముందే."

శ్రీచరణ్ మెల్లిగా వరండా మెట్టు మీద కూర్చున్నాడు. మోచేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని తల వంచేశాడు. ఏడుపు బయటికి రాలేదు. వీపు మాత్రం కదులుతోంది. రేణుక పక్కనే నిలబడింది. భుజం మీద చెయ్యి వెయ్యాలనిపించింది గాని వెయ్యలేకపోయింది.

కాసేపటికి అతను జేబులోంచి ఫోను తీసి, ఏదో తెరిచి ఆమెకి అందించాడు.

"ఇది చూడండి. ఆ యంత్రం పంపే రీడింగు. ఆదివారం గోనెపట్టాలు తీసేశారు కదా. ఇప్పుడు నిజమే చెప్తోంది."

తెర మీద గీత మూడు రోజులుగా నిటారుగా పైకి లేచి ఉంది. దిగలేదు.

"ఎండలకి గాలి ఆడట్లేదు. ఫ్యాక్టరీ పగలూ రాత్రీ నడుపుతున్నారు. మూసేస్తారేమోనని ఉన్న సరుకంతా కాల్చేస్తున్నారు. చలికాలంలో కూడా ఇంత లేదండీ." అతను హరిబాబు వైపు తిరిగాడు. "నన్ను తర్వాత అరెస్టు చెయ్యండి. నేనెక్కడికీ పోను. ధనశ్రీ లెక్క తప్పదు. ఇవాళో రేపో ఆ ఊళ్ళో చావులు మొదలవుతాయి."

హరిబాబు ఫోన్లో గీత వంక చూశాడు. తర్వాత లోపలికి తిరిగి గట్టిగా కేకేశాడు. "జీపు తియ్యండి. నూట ఎనిమిదికి ఫోన్ చేసి జొన్నలమెట్టకి రెండు బళ్ళు పంపమనండి. ఫ్యాక్టరీ గేటు దగ్గరికి నలుగురు వెళ్ళండి, బాయిలర్లు ఆగేదాకా కదలొద్దు. నేను కలెక్టరాఫీసుకి చెప్తాను."

తనే లాకప్పు తాళం తీశాడు. "లే జక్కయ్యా. ఊళ్ళో ఎవరెవరికి ఆయాసమో చూపించు."

జక్కయ్య తెరిచిన తలుపు వంక చూస్తూ అలాగే కూర్చున్నాడు. రేణుక లోపలికి వెళ్ళి చెయ్యి అందించింది. అతను ఆ చేతిని పట్టుకోలేదు. గోడ ఆసరాతో లేచి, రెండడుగులు వేసి ఆగాడు.

"ముందు హనుమయ్య ఇంటికి పోనివ్వండి బాబూ," అన్నాడు. "ఆదివారానికే మంచం పట్టాడు. ఉన్నాడో లేడో."

రేణుక జీపు వైపు పరిగెత్తింది.